చక్కెర మానేశాం, మరి కళ్ల సంగతి?

షుగర్ ఉన్నవాళ్లకు మన దగ్గర సలహాలకు కొదవలేదు. పెళ్లి బంతిలో పక్కన కూర్చున్నాయన కాకరకాయ రసం మహిమ చెబుతాడు. వడ్డించే పిన్నిగారు ‘ఒక్క బొబ్బట్టుకే ఏమీ కాదులే నాయనా’ అంటూ రెండు వేస్తుంది. ఐసీఎంఆర్ తరఫున జరిగిన ఇండియాబ్ సర్వే ఫలితాలు 2023లో వచ్చాయి. వాటి ప్రకారం దేశంలో సుమారు 10.1 కోట్ల మందికి మధుమేహం ఉంది, మరో 13.6 కోట్ల మంది జనం భాషలో చెప్పాలంటే ‘బోర్డర్’లో ఉన్నారు. ఇంతమందికి అందుతున్న సలహాలన్నీ దాదాపుగా తిండి చుట్టూనే తిరుగుతాయి. ఇరవై, ముప్పై ఏళ్లు ఈ జబ్బుతో కాపురం చేయాల్సిన మనిషి కళ్లూ కిడ్నీలూ కాళ్లూ ఏమవుతాయన్న మాట మాత్రం ఎవరి నోటా రాదు. అపోహలు ఎక్కువగా పేరుకున్నది కూడా అక్కడే.

అపోహ: ‘నాకు ఏ ఇబ్బందీ లేదు. నా షుగర్ నన్నేమీ చేయదు.’

అన్నిటికంటే ఖరీదైన అపోహ ఇది. రక్తంలో గ్లూకోజు 200 దాటినా చాలామందికి ఒంట్లో తేడా తెలియదు. అతిదాహం, పదేపదే మూత్రం, బరువు తగ్గడం లాంటివి షుగర్ బాగా ముదిరాక కనబడే సంగతులు. బ్రిటన్‌లో ఏళ్ల తరబడి సాగి 1998లో ఫలితాలు ప్రకటించిన యూకేపీడీఎస్ అధ్యయనంలో చేరినవాళ్లందరికీ టైప్ 2 మధుమేహం అప్పుడప్పుడే బయటపడింది. వాళ్లలో దాదాపు సగం మందికి అప్పటికే ఏదో ఒక అవయవంలో దాని దెబ్బ కనిపించింది.

కన్నునే తీసుకోండి. రెటీనాలోని సన్నటి రక్తనాళాలు ఉబ్బుతాయి, కారతాయి, చిట్లుతాయి. ఇంత జరుగుతున్నా నడిమి భాగం బాగున్నంతకాలం పేపరు చదవడానికి ఏ అడ్డూ ఉండదు. అందుకే కళ్లజోళ్ల షాపులో అక్షరాల బోర్డు చదివించి ‘సైటు మారలేదు’ అంటే నిశ్చింతగా ఉండటానికి లేదు. చుక్కల మందుతో కంటిపాపను పెద్దది చేసి రెటీనాను చూడాలి, లేదా ఫోటో తీయాలి. టైప్ 2 అయితే జబ్బు బయటపడ్డప్పుడే ఒకసారి, ఆ తర్వాత ఏటా. టైప్ 1 పిల్లలకైతే సాధారణంగా మూడు నుంచి ఐదేళ్లు గడిచాక మొదలుపెడతారు. లేజరూ ఇంజెక్షన్లూ ప్రధానంగా ఉన్న చూపును నిలబెట్టడానికే. పోయిన చూపంతా తిరిగి తెచ్చిస్తాయన్న భరోసా లేదు.

కిడ్నీలదీ ఇదే కథ. ‘క్రియాటినిన్ నార్మల్ వచ్చింది’ అని స్వీట్లు పంచేవాళ్లను చూస్తుంటాం. క్రియాటినిన్ పెరిగిందంటే కిడ్నీ అప్పటికే చాలా శక్తి కోల్పోయిందని అర్థం. దానికి ఏళ్ల ముందే మూత్రంలో అల్బుమిన్ అనే ప్రొటీన్ కొద్దికొద్దిగా పోతూ ఉంటుంది. ఏసీఆర్ అనే మూత్రపరీక్షలో అది తెలుస్తుంది. ఫలితం 30 లోపు ఉండాలి. ఆ దశలో పట్టుకుంటే కొన్ని రకాల బీపీ మాత్రలతో, డాపాగ్లిఫ్లోజిన్ లాంటి మందులతో కిడ్నీ దెబ్బతినడాన్ని చాలావరకు నెమ్మదింపజేయవచ్చు.

అపోహ: ‘మాత్రలు మింగీ మింగీ కిడ్నీలు పాడవుతాయి.’

మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్ర మీద పడ్డ నింద ఇది. ఎలా పుట్టిందో ఊహించడం కష్టం కాదు. ఏళ్లపాటు షుగర్ అదుపు తప్పి కిడ్నీ దెబ్బతింటుంది. దెబ్బతిన్న కిడ్నీ మందును సరిగా బయటికి పంపలేదు కాబట్టి డాక్టరు మోతాదు తగ్గిస్తాడు, ఆపైన ఆపేస్తాడు. చూసే బంధువులకు మాత్రం మాత్ర ఆపించారన్న సంగతొక్కటే కనబడుతుంది, నేరం మాత్ర మీదికి పోతుంది. ‘ఇంగ్లీషు మందు వద్దు, చెట్ల మందు కావాలి’ అనేవాళ్లకు ఇంకో సంగతి. మెట్‌ఫార్మిన్ పుట్టుక వెనక గేలెగా అనే యూరప్ మొక్క ఉంది. ఆ మొక్కలోని రసాయనం మీద జరిగిన పరిశోధనల దారిలోనే ఈ మందు వచ్చింది. దాన్ని మధుమేహానికి వాడిన అనుభవాన్ని ఫ్రాన్స్ వైద్యుడు జాన్ స్టెర్న్ 1957లో ప్రచురించాడు.

దానికి లోపమే లేదని చెప్పను. ఏళ్ల తరబడి వాడేవారిలో కొందరికి బి12 విటమిన్ తగ్గుతుంది, తిమ్మిర్లు వస్తాయి. పరీక్ష చేయించుకుంటే తెలుస్తుంది. కిడ్నీలకు నిజంగా భయపడేవాళ్లు మోకాళ్ల నొప్పులకని మెడికల్ షాపులో చీటీ లేకుండా కొని మింగే నొప్పి మాత్రలకు భయపడాలి. డబ్బా మీద ఏముందో రాయని చూర్ణాలకూ భయపడాలి.

అపోహ: ‘మొన్న టెస్టులో 110 వచ్చింది. కంట్రోల్లోనే ఉంది.’

రేపు టెస్టు అనగా ఈ రాత్రి రెండు ఇడ్లీలతో సరిపెట్టుకుని, ఉదయం వాకింగ్ చేసి మరీ ల్యాబుకు వెళ్లడం మనకు కొత్తేమీ కాదు. ఆ 110 ఆ పూట మాటే చెబుతుంది. గడిచిన రెండు మూడు నెలల సగటు కావాలంటే హెచ్‌బీఏ1సీ చూడాలి. ఎర్ర రక్తకణం ఆయుష్షు సుమారు 120 రోజులు, అన్నాళ్లలో దానికి అంటుకున్న గ్లూకోజు లెక్క అది. చాలామందికి 7 శాతం లోపు ఉంచమంటారు. పెద్ద వయసువాళ్లకు, షుగర్ తరచూ పడిపోయేవాళ్లకు కాస్త సడలిస్తారు. రక్తహీనత ఉంటే ఈ అంకె దారి తప్పించవచ్చు కాబట్టి హిమోగ్లోబిన్ కూడా పక్కన పెట్టుకుని చదవాలి.

అపోహ: ‘రాత్రి అన్నం మానేశాను, చపాతీయే.’

మంచిదే. ఎన్ని? 30 గ్రాముల పిండితో ఒత్తిన చపాతీలో పిండిపదార్థం సుమారు 20 గ్రాములు. ఒక కప్పు, అంటే 150 గ్రాముల అన్నంలో 40కి కాస్త పైన. మూడు చపాతీలు తిన్నారంటే దాదాపు కప్పున్నర అన్నం తిన్నట్టే. అందులోకి ఆలూ కుర్మా అయితే ఇక చెప్పనక్కర్లేదు. గోధుమలో పీచు ఎక్కువన్నది నిజమే, ఆ మేరకు మేలే. రాగుల్లోనూ మూడింట రెండు వంతులు పిండిపదార్థమే. సంగటి నయం, మెత్తటి పిండి పల్చగా కాచిన జావ గబగబా రక్తంలోకి చేరుతుంది. అన్నం తినండి, కాకపోతే విస్తట్లో ముందు కూరా పప్పూ చోటు ఆక్రమించాలి.

బెల్లం, తేనె, తాటిబెల్లం? అవీ చక్కెరలే. చేదు తింటే తీపి విరిగిపోతుందన్నది కేవలం నాలుక లెక్క.

అపోహ: ‘ఇన్సులిన్ పెట్టారంటే ఇక ఆఖరి దశే.’

1922 జనవరిలో టొరంటోలో లియోనార్డ్ థాంప్సన్ అనే 14 ఏళ్ల కుర్రాడికి తొలిసారి ఇన్సులిన్ ఇచ్చారు. అప్పటిదాకా టైప్ 1 అంటే మరణశిక్షే. ఆ మందును మనం చావు కబురులా వింటున్నాం. టైప్ 2లో ఏళ్లు గడిచేకొద్దీ పాంక్రియాస్‌కు ఇన్సులిన్ తయారుచేసే శక్తి తగ్గుతుంది. మాత్రలు సరిపోని రోజు రావడం రోగి తప్పు కాదు. చాలామంది రెండు మూడేళ్లు వాయిదా వేసి, కాలికి పుండు పడ్డాక ఒప్పుకుంటారు. అప్పుడు కాలు పోతే ‘ఇన్సులిన్ మొదలుపెట్టాకే పోయింది’ అంటారు.

దీనికంటే భయపడాల్సిన సంగతి సిరంజిలో ఉంది. మన షాపుల్లో దొరికే ఇన్సులిన్ సీసాలు ఎక్కువగా మిల్లీలీటరుకు 40 యూనిట్లవి, కొన్ని 100 యూనిట్లవి. 40 సీసాకు ఎర్ర మూత సిరంజి, 100 సీసాకు నారింజ మూత సిరంజి. 40 సీసాలోంచి నారింజ మూత సిరంజితో 20 గీత దాకా లాగితే ఒంట్లోకి వెళ్లేది 8 యూనిట్లే. తిరగబడి, 100 సీసాలోంచి ఎర్ర మూతతో 20 గీత దాకా లాగితే 50 యూనిట్లు! మనిషి స్పృహ తప్పడానికి అది చాలు. షాపులో ‘ఇదీ అదీ ఒకటేనండీ’ అంటే వినకండి, సీసా మీద అంకె చదవండి.

అపోహ: ‘షుగర్‌ను వేళ్లతో సహా తీసేస్తాం.’

ఈ ప్రకటనల వెనక ఒక చిన్న నిజం ఉంది. బ్రిటన్‌లో జరిగిన డైరెక్ట్ అనే పరిశోధనలో, జబ్బు వచ్చి ఆరేళ్లు దాటనివాళ్లకు కొన్ని నెలలపాటు రోజుకు సుమారు 850 కెలోరీల ఆహారం ఇచ్చి బరువు తగ్గించారు. ఏడాది తిరిగేసరికి వాళ్లలో 46 శాతం మంది మందుల్లేకుండా మధుమేహం లేని స్థాయికి వచ్చారు. రెండో ఏటికి 36 శాతమే మిగిలారు. బరువు తిరిగి పెరిగితే షుగరూ తిరిగి వస్తుంది. అంటే వెనక్కి తగ్గుతుంది, వదిలిపోదు. మందులు ఆగినా ఏటా కళ్ల పరీక్ష తప్పదు. డాక్టరుకు చెప్పకుండా ఇలాంటి ఉపవాసాలకు దిగడం ప్రమాదం.

అపోహ: ‘పుండు నొప్పి పెట్టడం లేదు, చిన్నదే.’

నొప్పి లేకపోవడమే ఇక్కడ జబ్బు. నరాలు మొద్దుబారిన పాదానికి మేకు దిగినా తెలియదు, చెప్పు ఎప్పుడు జారిపోయిందో తెలియదు. మే నెల మధ్యాహ్నం గుడిచుట్టూ రాతి బండల మీద ప్రదక్షిణ చేసి, ఇంటికొచ్చాక అరికాలి బొబ్బలు చూసుకుంటారు. తిమ్మిర్లు పోతాయని వేడినీళ్ల బకెట్లో కాళ్లు పెట్టి కాల్చుకునేవాళ్లున్నారు. ఆనెకాయను బ్లేడుతో చెక్కుకునేవాళ్లున్నారు. కొండ మెట్లు నడిచి ఎక్కుతానని మొక్కుకున్నవాళ్లు ముందుగా డాక్టరుకు పాదాలు చూపించుకోవడం మంచిది.

పాదంలో స్పర్శ ఉందో లేదో తేల్చడానికి పెద్ద యంత్రాలేమీ అక్కర్లేదు. 10 గ్రాముల ఒత్తిడికి వంగే నైలాన్ పోగుతో అరికాలిలో కొన్నిచోట్ల తాకిస్తూ, కళ్లు మూసుకున్న రోగిని ‘తెలుస్తోందా?’ అని అడుగుతారు. రెండు నిమిషాల పని. తెలియడం లేదంటే ఇంట్లో కూడా చెప్పులు వేసుకోవాలి. వెనక పట్టీ ఉన్న మెత్తటి ఎంసీఆర్ (మైక్రోసెల్యులర్ రబ్బరు) చెప్పులు మంచివి. రోజూ రాత్రి పడుకునే ముందు అరికాళ్లు, వేళ్ల సందులు చూసుకోవాలి. వంగలేని పెద్దవాళ్లకు అద్దం కింద పెట్టాలి, లేదా మనవడి చేత చూపించాలి.

మన క్లినిక్కుల్లో రద్దీ తెలిసిందే. డాక్టరు రిపోర్టు చూసి మందులు రాసేలోపు తర్వాతి పేషెంటు తలుపు తోస్తాడు. కాబట్టి వచ్చేసారి వెళ్లినప్పుడు ఆయన అడిగినా అడగకపోయినా చెప్పులు విప్పి, సాక్సులు తీసి, పాదాలు చూడమనండి. మొహమాటపడకండి.