పొదుపు చేసిన విద్యుత్తు: ఆదవాని, ఎమ్మిగనూరు వారికి మనవి

కర్నూలు జిల్లా పడమటి సీమలో ఆదవాని, ఎమ్మిగనూరు పట్టణములు రెండును ప్రత్తివలననే పేరుగాంచినవి. ప్రత్తి, వస్త్ర వ్యాపారములచేత ఆదవానికి రెండవ బొంబాయి యను ప్రఖ్యాతి కలిగినది. 1938లో మాచాని సోమప్పగారు నెలకొల్పిన చేనేత సహకార సంఘము ఎమ్మిగనూరు పేరును దేశమంతట వినిపింపజేసినది. ఈ రెండు పట్టణముల పెద్దలను, చుట్టుపట్ల రైతులను నేడొక విషయమున హెచ్చరింపదలచితిమి. అది విద్యుచ్ఛక్తి పొదుపు.

మన యిండ్లలో వెలుగు దీపమునకు మూలము చాలవరకు బొగ్గే. కడప జిల్లాలోని రాయలసీమ థర్మల్ కేంద్రము 1,650 మెగావాట్ల సామర్థ్యము గలది. దానికి బొగ్గు దూరపు గనులనుండి రైళ్ళమీద రావలెను. దేశమున యూనిటు విద్యుత్తుకు సగటున సుమారు 0.7 కిలోల బొగ్గుపులుసు గాలి పుట్టుచున్నది. ఆ గాలి పెరిగినకొలది ఎండలు ముదురును, వానలు గతి తప్పును. వానకై ఎదురుచూచి కన్నులు కాయలు కాచిన ఈ సీమకు ఇది పరుల గోడు కాజాలదు.

మొదట రైతు సంగతి. 2004 మొదలు సేద్యపు మోటార్లకు విద్యుత్తు ఉచితముగా లభించుచున్నది. దానిని తీసివేయుమని మేము కోరుట లేదు. కాని బిల్లు లేనిచోట మోటారు మంచిచెడ్డలు విచారించువారు అరుదు. కాలిన మోటారుకు మరల మరల తీగ చుట్టించుటయే వాడుకయైనది. లెక్క చూడుడు. 5 హెచ్.పి. మోటారు గంటకు సుమారు 4½ యూనిట్లు తీసికొనును. దినమునకు 6 గంటలు, ఏటికి 200 దినములు నడచినచో 5,400 యూనిట్లగును. మంచి నక్షత్ర చిహ్నముగల పంపు ఇందు నాలుగవవంతు మిగిల్చినను 1,350 యూనిట్లు దక్కును. దాదాపు 950 కిలోల బొగ్గుపులుసు గాలి తగ్గును. అంతకు మించినది నీరు. కరెంటున్నంతసేపు బోరు పారవలెనను అలవాటు పొలము క్రింది నిధిని హరించుచున్నది. ఆ నిధి అడుగంటిననాడు ఉచిత విద్యుత్తు ఎవరి దప్పి తీర్చును?

ఇక ఆదవాని జిన్నింగు మిల్లుల యజమానులు. ప్రత్తి వచ్చుకాలము వానలు వెనుకబట్టి ఎండలు తేరిన కాలమే. మిల్లుల విశాలమైన రేకుల కప్పులపై సౌరఫలకములు పరచినచో పగటి పని పగటి ఎండతోనే చాలవరకు సాగును. అవసరమునకు మించిన మోటారును మార్చుట, కెపాసిటర్లను సరిగా నుంచుట అంతకంటె చౌకయైన మార్గములు. ప్రత్తికట్టెను చేలోనే కాల్చివేయక, వేరుసెనగ పొట్టుతోపాటు అచ్చుకట్టెలుగా మలచినచో బాయిలర్లకు అది బొగ్గు బదులగును.

ఎమ్మిగనూరు గుంటమగ్గమునకు విద్యుత్తు అక్కరయే లేదు. నూలు మిల్లునుండి వచ్చునను మాట నిజమే. రంగుల తొట్లకు వేడినీరును కావలెను. ఆ నీటిని సూర్యరశ్మితో కాచుకొనవచ్చును. కాని నేతలో ఖర్చగునది మనుష్యుని శక్తియే. 2015 నుండి ఆగష్టు 7వ తేదీని జాతీయ చేనేత దినముగా జరుపుకొనుచున్నాము. ఆ దినమున మగ్గమును పొగడి, మరునాడు నేతవాని కూలిని కోయుట న్యాయము కాదు. బొగ్గు కాల్చని బట్టకు తగిన వెల నిచ్చుటయే దానికి నిజమైన సన్మానము.

"2017లో మన జిల్లాలోనే గని, శకునాల గ్రామముల వద్ద 1,000 మెగావాట్ల సౌరపార్కు వచ్చినది గదా, ఇక చింత యేల?" అని కొంద రనవచ్చును. సూర్యుడు అస్తమించిన వెంటనే ఫలకములు నిద్రించును. దీపములు, పంకాలు మేలుకొనును. ఆ వేళ బొగ్గుపై భారము తప్పించునది పొదుపే. 75 వాట్ల పాత పంకా బదులు 30 వాట్లది, 60 వాట్ల బల్బు బదులు 9 వాట్ల ఎల్.ఇ.డి. పెట్టుటకు ఏ చట్టమును రానక్కరలేదు. 2024లో ఆరంభమైన సూర్యఘర్ పథకమున 3 కిలోవాట్ల యింటికప్పు ఏర్పాటునకు కేంద్రము 78,000 రూపాయల సాయ మిచ్చుచున్నది. మిద్దెయిండ్లవారు దీనిని వినియోగించుకొనవలెను.

కరవు కాలమున గింజ గింజ దాచుకొని బ్రతికిన సీమ యిది. పొదుపు మనకు క్రొత్త విద్య కాదు. గాదెలో చూపిన జాగ్రత్తను మోటారు గదిలోను చూపుడని మాత్రమే మా విన్నపము.