వీణ గాంధారం తప్పా? ట్యూనర్ యాప్ తప్పా?

యారాడలో మా అత్త దగ్గర ఒక బొబ్బిలి వీణ ఉంది. మొన్న వేసవి వేడికి మైనం మెత్తబడి రెండు మెట్లు పక్కకి జరిగాయి. "నేను సరిచేస్తాలే అత్తా" అని ఫోన్‌లో ట్యూనర్ యాప్ తెరిచా. షడ్జం ఓకే, పంచమం ఓకే. అంతర గాంధారం మాత్రం అత్త బాగుందన్న చోట ఎర్ర గీత: 14 సెంట్లు తక్కువట. సెంటు అంటే కీబోర్డులో పక్కపక్క కీల మధ్య దూరంలో నూరో వంతు. సరే, యాప్ చెప్పినట్టే జరిపా. అత్త మొహం చిట్లించింది. "ఏట్రా, గాంధారం వణుకుతోంది?"

నిజంగానే వణుకుతోంది, లెక్క చూడండి. షడ్జం 200 హెర్ట్జ్ అనుకుందాం. చెవికి కుదిరే గాంధారం దానికి 5/4, అంటే 250. యాప్ అడిగేది దాదాపు 252. రెండే కదా తేడా అంటారు! కానీ తీగ ఒక్క స్వరమే పలకదు, దాని రెట్లు కూడా పలుకుతుంది. షడ్జానికి ఐదో రెట్టు 1000. 250కి నాలుగో రెట్టు కూడా 1000, రెండూ కలిసిపోతాయి. 252కి అయితే 1008. ఆ రెండూ కొట్టుకుని శబ్దం సెకనుకి 8 సార్లు పెరిగి తగ్గుతుంది. అత్త విన్నది అదే.

మరి యాప్‌కి 252 ఎవరు నేర్పారు? కీబోర్డు. షడ్జం నుంచి పంచమం 3/2 రెట్లు. అలా 12 సార్లు ఎక్కితే మళ్ళీ షడ్జమే రావాలి. కానీ 129.75 రెట్లు వస్తుంది, 7 స్థాయిల పైన ఉన్న షడ్జమేమో 128. ఈ తేడాని ఎక్కడో దాచాలి కదా! పాతకాలం యూరప్‌లో కొన్ని శ్రుతులు తియ్యగా, కొన్ని వినలేనంత ఘోరంగా ఉండేలా కట్టేవారు. తర్వాత అందరికీ సమానంగా పంచేశారు, ఒక్కో కీ ముందుదానికి 1.0595 రెట్లు. రౌండింగ్ ఎర్రర్‌ని తలా కొంచెం పంచడం అన్నమాట (కోడ్‌లో నేనూ చేశా, ఒప్పుకుంటున్నా). లాభం పెద్దదే, ఏ కీ నుంచైనా పాట ఎత్తుకోవచ్చు. మన కచేరీలో షడ్జం మొదటి నుంచి చివరిదాకా ఒకటే కాబట్టి ఆ లాభం మనకి పెద్దగా అక్కర్లేదు, వణుకు మాత్రం మిగులుతుంది. హార్మోనియం మీద ఆలిండియా రేడియో 1940లో నిషేధం పెట్టినప్పుడు వినిపించిన వాదనల్లో ఇదీ ఒకటి. అది 1971 దాకా నడిచింది.

వీణకి ఉన్న 24 మెట్లనీ మైనంలో కూర్చి, చెవితో వింటూ జరుపుతారు. దాన్నే మేళం కట్టడం అంటారు. మెట్టు ఎక్కడ పెట్టాలో 1550లోనే రామామాత్యుడు 'స్వరమేళకళానిధి'లో చర్చించాడు. అలాగని వీణకీ ఇబ్బంది లేకపోలేదు. ఒకే మెట్టు నాలుగు తీగలకీ పనికిరావాలి. షడ్జం తీగ మీద 9/8 రిషభం పలికే మెట్టు, పంచమం తీగ మీద 27/16 ధైవతం ఇస్తుంది. 5/3 కావాలంటే కుదరదు. కాబట్టి ఎక్కడో రాజీ పడాల్సిందే. ఆ పైన తీగ లాగి సర్దుకునే వేలు ఎలాగూ ఉంది.

చివరికి మెట్టు అత్త చెప్పిన చోటే పెట్టి మైనం అద్దాం. యాప్ ఇంకా ఎర్రగానే ఉంది. మీ యాప్ సెట్టింగ్స్‌లో 'జస్ట్ ఇంటోనేషన్' అని ఉందేమో చూడండి, కొన్నింటిలో ఉంటుంది.