ఆగి ఉన్న కారులో టకటక: శబ్దం ఏం చెబుతుంది?

కారు ఆగి ఉన్నా ఇంజిన్ నడుస్తుంటే దాన్ని ఐడ్లింగ్ అంటారు. అప్పుడు క్రాంక్‌షాఫ్ట్ నిమిషానికి సుమారు 800 సార్లు తిరుగుతుంది. ఫోర్ స్ట్రోక్ ఇంజిన్‌లో వాల్వులను తెరిచే క్యామ్‌షాఫ్ట్ అందులో సగం, అంటే 400 సార్లే తిరుగుతుంది. అందువల్ల ఒక వాల్వు దగ్గర ఖాళీ పెరిగితే సెకనుకు ఆరేడు సార్లు సన్నని 'టక్ టక్' వినిపిస్తుంది.

ఆయిల్ తగ్గినా ఈ శబ్దం రావచ్చు. ఇంజిన్ ఆపి, కొన్ని నిమిషాల తర్వాత డిప్‌స్టిక్‌తో మట్టం చూడాలి. తగ్గితే తయారీదారు సూచించిన రకం ఆయిల్ పోయాలి. శబ్దం తగ్గకపోతే మెకానిక్‌తో ట్యాపెట్లు పరీక్ష చేయించాలి.

కీచుమనే శబ్దం సాధారణంగా వదులైన లేదా అరిగిన బెల్టుది. లోపలి నుంచి బరువుగా 'దడ్ దడ్' మంటే బేరింగులు అరిగి ఉండవచ్చు. దానితోపాటు ఆయిల్ లైటు వెలిగితే ఇంజిన్‌ను వెంటనే ఆపేయాలి. లోహాల మధ్య ఆయిల్ పొర లేకుండా నడిపితే ఇంజిన్ నిమిషాల్లోనే సీజ్ కావచ్చు.