పొయ్యిలోనికి పోవు కొయ్యతో తరిమెన పని

చిన్నపిల్లల ఆట సామానును మన పెద్దలు లక్కపిడతలందురు. అవి లక్కతో చేసిన పిడతలు కావు. కొయ్యతో చేసి పైని లక్క పూసినవి. కొయ్యను గిరగిర త్రిప్పుచు ఉలితో గుండ్రముగా చెక్కు సాధనమునకు తెలుగున తరిమెన యని పేరు. నేడందరి నోటను లేత్ అను మాటయే వినబడుచున్నది. నేను తరగతిలో తరిమెన యన్నప్పుడు, "అదేమిటి మాస్టారూ?" అని యడిగిన పిల్లలే గాని, తెలియునన్నవారు కనబడలేదు.

ఆంధ్రదేశమున వరాహనది యొడ్డున నున్న ఏటికొప్పాక ఈ పనికి పేరుగన్న గ్రామము. అచ్చటి బొమ్మలకు 2017లో భౌగోళిక సూచిక గుర్తింపు లభించినది. కర్ణాటకమున బెంగుళూరు నుండి మైసూరు పోవు దారిలోని చెన్నపట్టణమును అట్టిదే. ఏటికొప్పాక వారు అంకుడు కొయ్యను వాడుదురు. చెన్నపట్టణము వారు ఆలెమర యందురు. పేరులు రెండు, చెట్టొక్కటే. తెల్లగా, మెత్తగా, నారలు కనబడకుండునట్టి కొయ్య యది. పూర్వము ఒకరు త్రాడును ముందుకు వెనుకకు లాగుచుండగా తరిమెన తిరిగెడిది, మరియొకరు ఉలి పట్టెడివారు. ఇప్పుడా త్రాటిపని మోటారు చేయుచున్నది.

బాళగనూరులో అంకుడు కొయ్య మనకెక్కడ దొరకును? అవసరము లేదు. కాలువ గట్టున, బీడు పొలమున, క్యాంపుల వెనుక ఎటు చూచినను సర్కారు తుమ్మ పెరిగియున్నది. కన్నడమున దీనిని బళ్ళారి జాలి యందురు గాని, ఇది బళ్ళారిది కాదు, అమెరికా ఖండము నుండి వచ్చినది. 1877లో కడప మండలములోని కమలాపురము వద్ద దీనిని నాటించిరి. ఇప్పుడు దీనిని తిట్టని రైతు లేడు. ముల్లు గ్రుచ్చుకొన్నవాడు మెచ్చుకొనునా? అయినను దీని కొయ్య గట్టిది, ఎఱ్ఱని గోధుమ వన్నె కలది. దీనికి దగ్గర బంధువైన మెస్కీట్ కొయ్యను అమెరికాలోని తరిమెన పనివారు కోరి తెచ్చుకొందురు. ఎండునప్పుడది అన్ని వైపులను ఇంచుమించు సమముగా, అతి తక్కువగా ముడుచుకొనును. మనము మాత్రము దీనిని పొయ్యిలో పెట్టుచున్నాము, బొగ్గు కాల్చుచున్నాము.

కట్టెల మోపులో నుండి మణికట్టంత లావు ముక్కను తీసికొనుడు. పచ్చిదైనచో తొందరపడరాదు. కొయ్యలోని నీరు ప్రక్కల నుండి కంటె కోసిన కొసల నుండి మిక్కిలి వేగముగా పోవును. మన రాయచూరు ఎండలలో కొసలు ముందే యెండి చీలును. కనుక రెండు కొసలకును మైనము గాని, పాత రంగు గాని దట్టముగా పూసి, నీడలో నుంచవలెను. అంగుళము మందమునకు ఏడాది యని పనివారి లెక్క. అంతకాలము ఓర్వలేనివారు కావలసిన దానికంటె లావుగా చెక్కి, కొన్ని నెలలు దాచి, పిమ్మట తుది రూపు దిద్దవచ్చును.

ఇంటి తరిమెనకు రెండు తలలుండును: కొయ్యను త్రిప్పునదొకటి, రెండవ కొసను ఆనుకొని పట్టునదొకటి. నడుమ ఉలిని ఆనించుటకొక కమ్మి. వేగమును గూర్చి ఒక లెక్క చేయుదము. 5 సెంటీమీటర్ల వ్యాసముగల కొయ్య నిమిషమునకు 1500 చుట్లు తిరిగినచో, దాని అంచు గంటకు సుమారు 14 కిలోమీటర్ల వేగముతో పోవును, సైకిలు వేగమనుకొనుడు. అదే చుట్లతో 15 సెంటీమీటర్ల కొయ్య అంచు 42 కిలోమీటర్ల వేగమందుకొనును. అందుచేత కొయ్య పెద్దదైన కొలది చుట్లు తగ్గించవలెను.

ఓణీ, వ్రేలాడు చొక్కా చేతులు, గాజులు, విడిచిన జడ, ఇవి తరిమెన దగ్గరకు రాకూడదు. కంటికి అద్దములు, ముక్కుకు గుడ్డ తప్పవు. మీట వేయుటకు ముందు కొయ్యను చేతితో ఒకసారి త్రిప్పి, కమ్మికి తగులుట లేదని చూడుడు. కమ్మిని జరుపవలసి వచ్చినప్పుడు మోటారును ఆపియే జరుపవలెను. తల్లిదండ్రులారా, ఈ పని మీరు దగ్గర నిలిచి చేయించవలసినదే.

మొదట అప్పడాల కర్ర చేయుడు. కొయ్య రెండు కొసలను పట్టుబడి యుండును గనుక భయము తక్కువ. దొన్నెవలె గుంటగా నుండు ఉలితో మూలలు తీసి, ఏటవాలు అంచుగల ఉలితో నునుపు చేయవలెను. ఉలి వెనుక భాగము ముందు కొయ్యకు రాచుకొని, ఆ పిమ్మట అంచు మెల్లగా తెగవేయవలెను. మొనతో పొడిచినచో కొయ్య ఉలిని లాగుకొనును. దీనికే పూతయు వద్దు, పిండి తగులునది గదా.

తరువాత బొంగరము. 4 సెంటీమీటర్ల లావు చాలును. బరువు క్రిందికి, మేకు వైపునకు చేరునట్లు రూపు దిద్దినచో ఎక్కువసేపు తూలక తిరుగును. మేకు సరిగా నడిమధ్యను దిగవలెను. వెంట్రుకవాసి తప్పినను నేలపై గంతులు వేయును.

కుంకుమ భరిణె మూడవది, కష్టమైనది. నా మొదటి భరిణెకు మూత ఏప్రిలు ఎండలలో బిగువుగా అమరినది. ఎంతయో మురిసి మా అమ్మగారికిచ్చితిని. శ్రావణమాసమున పూజవేళ అది యెంత లాగినను ఊడిరాలేదు! కొయ్య గాలిలోని తేమను పీల్చి అడ్డముగా ఉబ్బును, నిలువున ఉబ్బదు. అడ్డములోను ఒక దిక్కున ఎక్కువ, ఒక దిక్కున తక్కువ. గుండ్రని మూత కోలగా మారి పట్టివేసినది. కాబట్టి ఎండకాలమున చేయు మూతకు కాగితపు మందమంత సందు విడువవలెను.

పూతకు లక్కయే మేలు. తిరుగుచున్న కొయ్యకు లక్క కడ్డీని నొక్కిపట్టినచో, ఆ ఒరపిడి వేడికే కరగి కొయ్యకు అంటుకొనును. పిమ్మట మొగలి ఆకును మడిచి ఒత్తి పట్టినచో అద్దమువలె మెరయును. ఏటికొప్పాకలో పసుపు, జాఫ్రా, నీలి వంటి చెట్ల రంగులను లక్కలో కలుపుదురు. బజారులోని చౌక రంగులలో సీసముండవచ్చును. నోట పెట్టుకొను పసివారి బొమ్మలకు వానిని పూయకుడు. లక్క దొరకనిచో తేనెమైనమును గుడ్డతో రుద్దుడు. వంటనూనె మాత్రము వలదు, అది ఎండక జిడ్డుగానే యుండి దుమ్ము పట్టును.