పొలంలో వెలుగు, రోడ్డుమీద వెలుగు

మిరప కోతల రోజుల్లో మా సంఘ సహోదరుడొకరు ట్రాక్టరు రోల్ బార్‌కు రెండు హాలోజన్ లైట్లు పెట్టించారు. మూడో రాత్రికే స్విచ్ కరిగిపోయి వైర్లు కమిలాయి. మేము మెకానికులము కాము గాని లెక్క వేసి చూశాము. 55 వాట్ల బల్బు 12 వోల్టుల బ్యాటరీ నుండి సుమారు నాలుగున్నర ఆంపియర్లు లాగుతుంది. హెడ్‌లైట్ స్విచ్‌కు అదనంగా రెండింటి భారమా! బ్యాటరీ దగ్గరే 15 ఆంపియర్ల ఫ్యూజు, తరువాత రిలే ఉండాలి. 18 వాట్ల ఎల్‌ఈడీకి ఒకటిన్నర ఆంపియరు చాలు.

రోల్ బార్‌కు రంధ్రాలు వేయించకండి. బోల్తా పడితే ప్రాణం కాపాడేది అదే. క్లాంపులతో పక్కలకే బిగించండి, ఎత్తు పెంచకండి. 2020 మే 14న ప్రకాశం జిల్లా నాగులుప్పలపాడు మండలంలో మిరప కూలీలతో వస్తున్న ట్రాక్టరు కరెంటు స్తంభాన్ని ఢీకొని పలువురు మరణించారు. అది లైట్ల వలన జరిగింది కాదు. అయినా తీగలంటే మాకు భయమే.

వెనుక తెల్ల లైటు పొలంలోనే వెలగాలి. రోడ్డెక్కాక ఆర్పకపోతే వెనుక వచ్చే లారీ డ్రైవరుకు కళ్ళు చెదిరి, ట్రక్కులో కూర్చున్న మన అక్కచెల్లెళ్ళు కనబడరు. ఆ సహోదరుడు వైర్లు మార్పించినప్పుడు ట్రక్కుకు ఎర్ర రిఫ్లెక్టర్లు కూడా కొన్నారు.