ఇంట గెలిచి.. గూగుల్‌లో గెలవండి!

కొత్త వెబ్‌సైట్‌కు పెద్ద మాటలకన్నా చిన్న మాటలే పెద్ద అండ. పోటీ తక్కువున్న కీవర్డ్‌ని పట్టుకోవడం ఎలాగో ఆళ్లగడ్డ శిల్పాలు, నంద్యాల దారుల సాక్షిగా చూద్దామా!

‘రాతి విగ్రహాలు’ అని ఫోన్లో ఒకసారి వెతకండి. ప్రకటనలు, దేశంలోని వ్యాపారులందరినీ ఒకేచోట చూపించే పెద్ద సైట్లు, షాపింగ్ యాప్‌లు, వీడియోలు వరస కడతాయి. ఉలి పట్టుకుని ఆ విగ్రహాన్ని చెక్కే మనిషి సొంతంగా సైట్ పెట్టుకున్నా అది ఏ మూడో పేజీలోనో, నాలుగో పేజీలోనో ఉంటుంది. అక్కడిదాకా ఎవరు వెళ్తారు? మీరెప్పుడైనా వెళ్లారా?

నంద్యాల జిల్లా ఆళ్లగడ్డ శిల్పకళకు జీఐ ట్యాగ్ ఉంది. ఇక్కడ చెక్కిన దేవతా విగ్రహాలు ఎక్కడెక్కడి గుళ్లకో వెళ్తాయి. అయితే కొనేవాళ్లు ఇంటర్నెట్‌లో వెతికి మధ్యవర్తి నంబరుకు ఫోన్ చేస్తే, చెక్కినవాళ్లకు దక్కేది ఆయన ఇచ్చిందే. అదే ఫోన్ నేరుగా శిల్పశాలకు వస్తే బేరమూ వాళ్లదే, పేరూ వాళ్లదే. ఈ తేడాకి కారణం ఒక్కోసారి ఒక చిన్న మాట. కొనేవాళ్లు వెతుకుతున్న ఆ మాటకి మీ దగ్గర పేజీ ఉందా, లేదా అన్నదే అసలు సంగతి.

పొట్టేలు కొండను ఢీకొట్టినట్టు..

కొత్తగా సైట్ పెట్టిన చాలామంది చేసే మొదటి పని పెద్ద మాట మీద పడటం. ‘విగ్రహాలు’, ‘అహోబిలం’, ‘మామిడి పండ్లు’.. ఇలా. ఆ మాటల దగ్గర వికీపీడియా, టీవీ ఛానెళ్లు, ప్రభుత్వ టూరిజం సైట్లు ఏళ్లుగా పాతుకుపోయి ఉంటాయి. వాటికి వేల సైట్ల నుంచి లింకులుంటాయి. నిన్నగాక మొన్న పుట్టిన సైట్ వెళ్లి వాటిని ఢీకొంటే ఏమవుతుందో వేరే చెప్పాలా?

ఎస్ఈవో టూల్స్ చేసే అహ్రెఫ్స్ సంస్థ 2023లో ప్రకటించిన లెక్క చూడండి. వాళ్లు పరిశీలించిన పేజీల్లో 96.55 శాతానికి గూగుల్ నుంచి ఒక్కరు కూడా రావడంలేదట! అలాగని నిరాశ పడక్కర్లేదు. రోజూ తన దగ్గరికొచ్చే వెతుకులాటల్లో దాదాపు 15 శాతం అంతకుముందెప్పుడూ చూడనివేనని గూగులే చెబుతోంది. అంటే జనం రోజూ కొత్త కొత్త ప్రశ్నలు అడుగుతూనే ఉన్నారు. వాటిలో చాలావాటికి సరైన జవాబు రాసినవాళ్లే లేరు. మీ చోటు అక్కడుంది.

ఫోన్లో అడిగిన ప్రశ్నే కీవర్డ్

కీవర్డ్ వెతకడానికి ముందు టూల్ తెరవకండి. వాట్సాప్ తెరవండి. శిల్పశాలకి వచ్చే మెసేజ్‌లు ఎలా ఉంటాయో ఊహించండి. ‘అన్నా, మా ఊళ్లో బొడ్రాయి ప్రతిష్ఠ ఉంది, రాయి ఎన్నడుగులుండాలి?’, ‘నవగ్రహాలు సెట్ మొత్తం ఎంతవుతుంది?’, ‘మూడడుగుల నంది ఎన్నిరోజుల్లో ఇస్తారు?’, ‘గ్రామదేవత విగ్రహం లారీలో పంపిస్తారా?’

ఇవన్నీ కీవర్డ్‌లే. ‘రాతి విగ్రహాలు’ అని వెతికినవాళ్లు ఫొటోల కోసం వచ్చి ఉండొచ్చు, స్కూల్ ప్రాజెక్టు కోసమూ వచ్చి ఉండొచ్చు. ‘మూడడుగుల నంది విగ్రహం ధర’ అని వెతికినవాళ్లు మాత్రం కొనడానికే వచ్చారు. మాట పొడవయ్యేకొద్దీ వెతికేవాళ్లు తగ్గుతారు, పోటీ కూడా తగ్గుతుంది. కొనాలన్న ఉద్దేశం మాత్రం పెరుగుతుంది. ఇలాంటి పొడవు మాటల్నే ‘లాంగ్ టెయిల్’ కీవర్డ్‌లంటారు.

రాసుకున్న ప్రశ్నల్ని ఒక్కొక్కటిగా గూగుల్‌లో టైప్ చేయండి. పూర్తిచేయకముందే కింద సూచనలు వస్తాయి కదా, అవి జనం నిజంగా వెతుకుతున్నవాటిలోంచి వచ్చేవే. ఫలితాల మధ్యలో ‘ఇతరులు ఇవి కూడా అడిగారు’ తరహాలో కనిపించే ప్రశ్నలు, పేజీ అడుగున వచ్చే సంబంధిత వెతుకులాటలు కూడా కాపీ చేసుకోండి. గంట కూర్చుంటే ఏభై మాటలు దొరుకుతాయి. పైసా ఖర్చు లేదు.

ఒక ఊరు.. అరడజను స్పెల్లింగులు

మనవాళ్లు మూడు రకాలుగా వెతుకుతారు. తెలుగు లిపిలో, ఇంగ్లీషులో, ఇంగ్లీషు అక్షరాల్లో రాసిన తెలుగులో. ఆళ్లగడ్డ అన్న పేరునే తీసుకోండి. తెలుగులో ‘ళ్ల’ అని రాసేవాళ్లున్నారు, ‘ళ్ళ’ అని రాసేవాళ్లున్నారు. ఇంగ్లీషు అక్షరాల్లోకి వెళ్తే ‘ఎల్’ ఒకటా రెండా, ‘డి’ తర్వాత ‘హెచ్’ ఉందా లేదా అన్నది ఎవరిష్టం వాళ్లది. ఇదే జిల్లాలోని బనగానపల్లె పేరుతో ఉన్న మామిడినే చూడండి. బంగినపల్లి అనేవాళ్లు కొందరు, బేనిషాన్ అనేవాళ్లు కొందరు. పండు అదే!

పెద్ద సైట్లు సాధారణంగా ఇంగ్లీషు మాట మీదే దృష్టిపెడతాయి. అందుకే తెలుగు లిపిలో వెతికినప్పుడు చాలాసార్లు సరైన పేజీ దొరకదు. ఆ ఖాళీ మీకు వరం. అయితే స్పెల్లింగుకో పేజీ పెట్టేయకండి. చిన్నచిన్న తేడాల్ని గూగుల్ చాలావరకు తనే అర్థం చేసుకుంటుంది. ఒకే పేజీ రాసి, జనం వాడే పేర్లు అందులో సహజంగా వచ్చేలా చూస్తే చాలు.

‘లో’ అని ఉంటే లోకువ కాదు

ఇక్కడే కొత్తవాళ్లు ఎక్కువగా పొరబడతారు. గూగుల్ యాడ్స్‌లో ‘కీవర్డ్ ప్లానర్’ అనే ఉచిత టూల్ ఉంది. ఏ మాటని నెలకి సుమారు ఎంతమంది వెతుకుతున్నారో చెబుతుంది. పక్కనే ‘కాంపిటిషన్’ అనే కాలమ్‌లో ‘లో, మీడియం, హై’ అని చూపిస్తుంది. ‘లో’ కనిపించగానే ‘దొరికింది రా!’ అని సంబరపడిపోతారు. కానీ ఆ కాలమ్ చెప్పేది ప్రకటనలు ఇచ్చేవాళ్ల మధ్య పోటీ గురించి. మామూలు ఫలితాల్లో పైకి రావడం తేలికా కష్టమా అన్నది దానికి సంబంధం లేని విషయం. ‘అహోబిలం చరిత్ర’కి ఎవరూ ప్రకటన ఇవ్వకపోవచ్చు, రాసినవాళ్లు మాత్రం బోలెడుమంది ఉండొచ్చు.

ఇతర టూల్స్ ఇచ్చే ‘డిఫికల్టీ’ స్కోరు కూడా ఒక అంచనానే. ఒక్కో కంపెనీ ఒక్కోలా లెక్కేస్తుంది. అందుకే ఒకే మాటకి ఒక టూల్ పది అంటే ఇంకోటి ముప్ఫై అంటుంది.

మరి ఏం చేయాలి? మొదటి పేజీని మీ కళ్లతో చూడండి. ఇన్‌కాగ్నిటో విండోలో ఆ మాట వెతికి ఈ నాలుగూ గమనించండి.

ఒకటి: పైనున్న పేజీలు సరిగ్గా ఆ ప్రశ్నకే జవాబు చెబుతున్నాయా? బొడ్రాయి కొలతలు అడిగితే బొడ్రాయి పండుగ వార్తలు వస్తున్నాయంటే అక్కడ ఖాళీ ఉన్నట్టే.

రెండు: వచ్చినవి ఎవరి పేజీలు? ప్రశ్నోత్తరాల సైట్లు, ఏళ్లనాటి పోస్టులు, చిన్న సైట్లు కనిపిస్తే మీకూ అవకాశం ఉంది. అన్నీ పెద్ద తలకాయలే అయితే ముందుకు కదలండి.

మూడు: టైటిల్‌లో ఆ మాట ఎన్ని పేజీలకు ఉంది? గూగుల్‌లో ఇంగ్లీషు అక్షరాలతో ఖాళీ లేకుండా ‘ఆల్‌ఇన్‌టైటిల్’ అని టైప్ చేసి, కోలన్ పెట్టి, మీ మాట రాయండి. టైటిల్‌లో ఆ పదాలన్నీ ఉన్న పేజీలే వస్తాయి. పదో పాతికో ఉంటే మంచి సూచన.

నాలుగు: మీరున్న ఊరిని బట్టి కూడా ఫలితాలు మారతాయి. ఆళ్లగడ్డలో కూర్చుని చూస్తే మీ షాపు పైనే కనిపించొచ్చు. మీ కస్టమర్ ఖమ్మంలో ఉన్నాడు కదా! అక్కడున్న ఫ్రెండుకి చెప్పి వెతికించి స్క్రీన్‌షాట్ తెప్పించుకోండి.

సున్నా అంటే నిజంగా సున్నానా?

తెలుగు మాటల దగ్గర చాలాసార్లు టూల్ ‘0’ అనో, గీతో చూపిస్తుంది. గూగుల్ ట్రెండ్స్‌లో వెతికితే ‘సరిపడా డేటా లేదు’ అంటుంది. దానర్థం ఎవరూ వెతకడంలేదని కాదు, లెక్కకి అందేంత మంది వెతకడంలేదని. మిమ్మల్ని నెలలో నలుగురు ఫోన్ చేసి అడిగిన ప్రశ్నని ఇంకెంతమంది గూగుల్‌ని అడిగి ఉంటారో ఆలోచించండి.

చిన్న లెక్క వేద్దాం. ఒక మాటని నెలకి 40 మంది వెతుకుతారనుకుందాం. వాళ్లలో పదిమంది మీ పేజీకి వచ్చారు, ఇద్దరు ఫోన్ చేశారు, ఒకరు విగ్రహం ఆర్డరిచ్చారు. శిల్పశాలకి ఆ నెల ఆ ఒక్క ఆర్డరూ చాలు. అదే ప్రకటనల ఆదాయం మీద నడిచే సైట్‌కైతే 40 మంది ఏ మూలకీ సరిపోరు. కాబట్టి ‘ఎంతమంది వెతుకుతున్నారు’ అన్నదానికన్నా ‘వచ్చినవాళ్ల వల్ల నాకేం ఉపయోగం’ అన్నది ముందు తేల్చుకోవాలి.

అహోబిలం మీద కాదు.. దారి మీద రాయండి

ఇప్పుడు నంద్యాలలో ఉన్న ఒక డిగ్రీ స్టూడెంట్ ట్రావెల్ సైట్ పెట్టాలనుకున్నాడనుకుందాం. చుట్టూ సరుకుంది. మహానంది, యాగంటి, 3,229 మీటర్ల పొడవున్న బెలుం గుహలు, నవ నారసింహులు కొలువైన అహోబిలం. ఈ పేర్లతో నేరుగా రాస్తే ఎవరికీ కనబడడు. ప్రయాణికుడి బుర్రలోకి వెళ్లాలి.

ఆళ్లగడ్డకి రైల్వే స్టేషన్ లేదు. దూరం నుంచి అహోబిలం వచ్చేవాళ్లలో చాలామంది నంద్యాలలో రైలు దిగి, 40వ నంబరు జాతీయ రహదారి మీదుగా ఆళ్లగడ్డ చేరుకుని అక్కణ్నుంచి వెళ్తారు. మరి వాళ్ల ప్రశ్నలేంటి? ‘నంద్యాల స్టేషన్ నుంచి బస్టాండ్ ఎంత దూరం’, ‘ఆళ్లగడ్డ నుంచి అహోబిలం ఆఖరి బస్సు ఎన్నింటికి’, ‘జ్వాలా నరసింహ స్వామి గుడికి పెద్దవాళ్లు నడవగలరా’, ‘బెలుం గుహల్లోకి చంటిపిల్లల్ని తీసుకెళ్లొచ్చా’. ఇవి ఊళ్లో ఉన్న కుర్రాడు స్వయంగా వెళ్లి, చూసి, ఫొటో తీసి రాయగల విషయాలు. ఎక్కడో ఏసీ గదిలో కూర్చుని వంద ఊళ్ల గురించి రాసేవాళ్లకి అంత తేలిక కాదు. ఇంట గెలవడమంటే అదే.

సీజన్ కూడా చూసుకోండి. శివరాత్రికి శ్రీశైలం, మహానంది.. ఫాల్గుణంలో అహోబిలం బ్రహ్మోత్సవాలు.. ఎండాకాలంలో మామిడి. పండగ రోజు పేజీ పెడితే గూగుల్ దాన్ని గుర్తించేలోపు తేరు ఇంటికొచ్చేస్తుంది. రెండు మూడు నెలల ముందే సిద్ధం చేయాలి.

ఆ పప్పులు ఉడకవు!

ఒకే పేజీని కాపీ కొట్టి ‘హైదరాబాద్‌లో విగ్రహాలు’, ‘వరంగల్‌లో విగ్రహాలు’ అంటూ ఊరిపేరు మార్చి వందపేజీలు పెట్టడం గూగుల్ దృష్టిలో స్పామ్. కేవలం ర్యాంకు కోసం ఏఐతో వందల పేజీలు కుమ్మరించడం కూడా అంతే, 2024 మార్చిలో ఆ రూల్‌ని ఇంకా గట్టిగా రాశారు. సైట్ కోడ్‌లో దాచే ‘మెటా కీవర్డ్స్’ని ర్యాంకింగ్‌కి వాడటంలేదని గూగుల్ 2009లోనే చెప్పేసింది. ఇప్పటికీ దానికోసం డబ్బులు అడిగేవాళ్లుంటే దణ్నం పెట్టి పంపించండి.

ఇంకో మార్పూ గమనించాలి. గూగుల్ ‘ఏఐ ఓవర్‌వ్యూస్’ 2024 ఆగస్టులో మన దేశానికి వచ్చింది. ఒక్క వాక్యంలో చెప్పగలిగే జవాబైతే పైనే కనిపిస్తుంది, మీ పేజీ దాకా రావాల్సిన పనే ఉండదు. అందుకని మీ ఫొటోలు, మీ కొలతలు, మీ అనుభవం లేకుండా పూర్తికాని ప్రశ్నల్నే ఎంచుకోండి.

ముందు పది.. తర్వాతే వంద

ఏభై మాటల్లోంచి పది ఎంచుకోండి. ఒక్కోదానికి ఒక్క మంచి పేజీ రాయండి. షాపు ఉంటే గూగుల్ బిజినెస్ ప్రొఫైల్ కూడా ఉచితంగా పెట్టుకోండి, మ్యాప్‌లో కనిపిస్తారు. సైట్‌ని ‘సెర్చ్ కన్సోల్’కి కలపండి. ఇదీ ఉచితమే. ఏయే మాటలకి మీ పేజీ కనిపించింది, ఎంతమంది నొక్కారు, ఎన్నో స్థానంలో ఉందో 16 నెలల వరకు చూపిస్తుంది. రెండు మూడు నెలలయ్యాక అందులో మీరు అనుకోని మాటలు కనిపిస్తాయి. 8 నుంచి 20 మధ్య స్థానాల్లో ఉన్నవాటిని పట్టుకుని ఆ జవాబుల్ని ఇంకాస్త వివరంగా రాయండి. పైకి రావడానికి దగ్గరున్నవి అవే.

వారంలో అద్భుతం జరుగుతుందని మాత్రం ఆశపడకండి. ఎస్ఈవో పనికి ఫలితం కనిపించాలంటే చాలా సందర్భాల్లో నాలుగు నెలల నుంచి ఏడాది పడుతుందని 2017లో గూగుల్ తరఫున వచ్చిన ఒక వీడియోలోనే చెప్పారు. ఒక్క దెబ్బకి ఏ రాయీ విగ్రహం అవ్వదు కదా. ఈరోజు సాయంత్రం మీవాళ్ల ఫోన్లోని మెసేజ్‌లు తిరగేసి, పది ప్రశ్నలు నోట్స్‌లో రాసుకోండి. మొదటి ఉలి దెబ్బ అదే!