బండి మీద పడింది గీతా? మరకా?

కొత్త స్కూటీ. కరీంనగర్ టవర్ సర్కిల్ దగ్గర నాలుగు సామాన్లు కొనుక్కొని ఇంటికొచ్చి చూసేసరికి పక్కన తెల్లగా జానెడు గీత! ఏ ఆటో ఒరుసుకుపోయిందో, ఏ గేటు తాకిందో తెలీదు. బండికి తగిలిన దెబ్బ కన్నా ఇంట్లో పడబోయే మాటకే గుండె గుభేలుమంటుంది. "ఆడోళ్ల చేతికి బండి ఇస్తే గిట్లనే ఉంటది" అనేవాళ్లు లేని ఇల్లు ఉంటుందా? అదే గీత మగవాళ్లు తెస్తే మాత్రం "రోడ్లు అట్లున్నయ్" అంటారు!

మా వీధిలో ఒక టీచరమ్మ ఇలాగే బండిని గోడవైపు తిప్పిపెట్టి నాలుగు రోజులు బడికి ఆటోలో వెళ్లింది. "ఏందక్కా, బండి కరాబైందా?" అనడిగితే మెల్లగా చెప్పింది. పెయింటింగ్ షాపులో ఆ భాగమంతా మళ్లీ రంగెయ్యాలన్నారట. తీరా నీళ్లుపోసి కడిగి, గోటితో అడ్డంగా గీసి చూస్తే గోరు ఎక్కడా తట్టుకోలేదు. అంటే బండి రంగు పోలేదు, ఎవరిదో గేటు రంగు వచ్చి అంటుకుంది! అరగంటలో పోయింది.

ఇదే అసలు తెలుసుకోవలసింది. గోరు జారిపోతే అది చాలావరకు పైమరకే. గోరు తట్టుకుంటే రంగు తెగినట్టు. తడి చేస్తే గీత కనిపించకుండా పోయి, ఆరాక మళ్లీ కనిపిస్తోందా? అయితే రంగు మీదుండే పారదర్శకమైన పూతలోనే గీత పడిందన్నమాట. ఈ పూతను క్లియర్ కోట్ అంటారు. కార్లకైతే ఇది సుమారు 40, 50 మైక్రాన్లు ఉంటుంది. మన తలవెంట్రుక కన్నా పలచన! అందుకే గిన్నెలు తోమే పీచు, సబీనా, స్టీలు స్క్రబ్బరు బండి దగ్గరికి తేవద్దు. మన చేతికి అలవాటైనవి అవే గనక ఈ మాట గట్టిగా చెబుతున్నాను.

మరక తీయాలంటే బండి నీడలో ఉండాలి, రేకు చల్లగా ఉండాలి. ముందు ధారాళంగా నీళ్లు పోయాలి, ఆ తర్వాతే గుడ్డ. గోదావరిఖని, బెల్లంపల్లి, మంచిర్యాల వైపు ఉండేవారికి ఇది మరీ ముఖ్యం. బొగ్గుదుమ్ములో సన్నటి రాతి రేణువులుంటాయి. కరీంనగర్ గ్రానైటు దుమ్ము సంగతి చెప్పనే అక్కర్లేదు, అందులోని క్వార్ట్జ్ ఇనుము కన్నా గట్టిది. పొడిగుడ్డతో తుడిస్తే గరుకు కాగితంతో రుద్దినట్టే. పొద్దున్నే దుమ్ము దులిపి బండి తీసే అలవాటు చాలా ఇళ్లలో ఉంది. గీతల్లో సగం అలా పడేవే!

షాంపూ నీళ్లతో కడిగి, మెత్తటి పాత బనీను ముక్కతో తుడిచాక కూడా మరక ఉంటే రబ్బింగ్ కాంపౌండ్ వాడాలి. ఆటోమొబైల్ షాపుల్లో చిన్న డబ్బా దొరుకుతుంది. శనగ గింజంత తడిగుడ్డ మీద వేసుకుని, మెల్లగా పదిసార్లు రుద్ది, తుడిచి చూడండి. ఇంకా ఉంటే మరో పదిసార్లు. ఓపిక పోయి గట్టిగా రుద్దారో, మరకతోపాటు మెరుపూ పోతుంది. చివర కాస్త వ్యాక్స్ పాలిష్ పెట్టండి. నల్లటి గరుకు ప్లాస్టిక్ భాగాలకు, మెరుపులేని మ్యాట్ రంగులకు మాత్రం కాంపౌండ్ వద్దు.

కొత్తగా వేసిన రోడ్డు మీద వెళితే తారు చుక్కలు పడతాయి. కొబ్బరినూనె రాసి పావుగంట ఉంచితే మెత్తబడతాయి. తుడిచి షాంపూతో కడగాలి. స్టిక్కరు జిగురుకూ ఇదే మందు. దేవాపూర్, బసంతనగర్ సిమెంటు ఫ్యాక్టరీల చుట్టుపక్కల ఇంకో బాధ. దుమ్ము మీద మంచు పడితే సిమెంటు గట్టిపడుతుంది. గోకవద్దు. వెనిగర్‌లో అంతే నీళ్లు కలిపి, తడిపిన గుడ్డ కొద్ది నిమిషాలు కప్పి, బాగా కడిగేయండి. ఇక దసరా పూజలో తెల్లబండికి పెట్టిన పసుపు! కడిగాక లేతగా మిగిలితే కంగారుపడి రుద్దకండి. పసుపు రంగు ఎండకు వెలిసిపోతుంది. కుంకుమ మాత్రం పూజ అయిన రోజే కడిగేయడం మేలు.

థిన్నరు, గోళ్లరంగు తుడిచే రిమూవరు వాడొచ్చా అని అడిగేవారున్నారు. నిర్మల్ బొమ్మల్ని గుర్తు తెచ్చుకోండి. పొనికి కర్రతో చేసే ఆ బొమ్మలకు ఇప్పుడు అద్దుతున్నవి డ్యూకో రంగులు. ఈ డ్యూకో 1920లలో అమెరికాలో కార్ల కోసం వచ్చిన రంగే! అది ఆరిపోయాక కూడా థిన్నరు తగిలితే మళ్లీ కరుగుతుంది. కంపెనీలో వేడికి గట్టిపరచిన రంగు కాస్త తట్టుకుంటుందేమో గానీ, మన ఊళ్లో షాపులో మళ్లీ వేయించిన రంగు ఇదే రకమైతే గేటు రంగుతోపాటు బండి రంగూ గుడ్డకు వచ్చేస్తుంది. ప్లాస్టిక్ అయితే మసకబారుతుంది. వద్దనే నా సలహా.

గోరు తట్టుకునే గీత పడిందా? అప్పుడు ఫ్రిజ్ మీదుండే అయస్కాంతం ఒకటి గుడ్డలో చుట్టి అక్కడ పెట్టి చూడండి. పట్టకపోతే అది చాలామటుకు ప్లాస్టిక్కే, తుప్పు పట్టదు. చేతిలో డబ్బులున్నప్పుడు చూసుకోవచ్చు. పట్టి, లోపల రేకు కనిపిస్తుంటే మాత్రం షోరూంలో మీ బండి రంగు కోడ్ అడిగి చిన్న టచప్ సీసా తెచ్చుకుని, వానలు పడకముందే ఆ గీత మీద సన్నగా అద్దేయండి.